జంటకత్తుల ఆట

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని షాపుకి వెళ్ళేసరికి మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ వేళప్పుడు అది డ్యూటీలో ఉండాలి. మాల్‌లో సెల్‌ఫోన్ల షోరూములో పని దానిది. గొడుగు నీళ్ళు కారి, నేలమీది జుట్టంతా గుమ్మం దగ్గరికి తేలి వస్తున్నా దానికి పట్టలేదు.

"నాన్నా, నీ ఆట మళ్ళీ వచ్చింది," అంటోంది.

మాది ఒక్క కుర్చీ సెలూన్. ఎదురూ వెనకా రెండు అద్దాలు, గోడవారగా ఒక బల్ల, బల్ల పక్కన మూలకి పాత వీడియో గేము మిషను. మా ఆయన కుర్చీ దులుపుతున్నవాడల్లా ఆగాడు.

"ఏ ఆట?"

"ఇంకేం ఆట, ఇదే." గొడుగు కొసతో మూలకి చూపించింది.

మిషను నెత్తిన ఇంగ్లీషులో ఏదో పేరు ఉండేది. అక్షరాలు సగం చెరిగిపోయాయి. చెరక్కముందు కూడా మేమెవరం ఆ పేరు పెట్టి పిలవలేదు. జంటకత్తులనేవాళ్ళం. ఎర్ర తలకట్టువాడొకడు, నీలం తలకట్టువాడొకడు. ఇద్దరూ కలిసి కొండమీది కోట ఎక్కాలి. దారిలో గబ్బిలాలు, దొర్లుకొచ్చే బండలు, విలుకాళ్ళు, తెగిపోయే వంతెన. పైన ఇనుప ముసుగు రాక్షసుడు. మా చిన్నాన్న వీడియో గేముల షాపు నడిపే రోజుల్లో ఈ మిషను చుట్టూ తిరునాళ్ళే. షాపు మూసేసినప్పుడు మిగతావన్నీ పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. ఇదొక్కటీ మా ఆయన తోపుడుబండి మీద ఎక్కించుకుని వచ్చాడు. ఇన్నేళ్ళూ దానిమీద తువ్వాళ్ళు ఆరేసుకుంటూ, పాత పేపర్లు దొంతర పెట్టుకుంటూ, నెలకోసారి పేపర్లు తీసి ఆన్ చేసి చూసుకుంటూ ఉండేవాడు.

విషయమేంటంటే, ఆ ఆటని కంపెనీవాళ్ళు ఫోనులో ఆడుకునేలా కొత్తగా తయారు చేశారట. దాని ప్రచారానికి మాల్‌లో పాత మిషను ఒకటి తెచ్చి పెట్టి, అప్పట్లో ఆడినవాళ్ళకి జంటల పోటీ పెడుతున్నారట.

"నీ పేరు ఇచ్చేశాను," అంది అమ్మాయి.

"అడక్కుండానేనా?"

"అడిగితే వద్దంటావుగా."

"జతకి ఎవరు మరి?"

అది నావైపు చూసింది. ఆయనా చూశాడు. నేను క్యారేజీ బల్లమీద పెట్టాను.

"బాగానే ఉంది సంబడం," అన్నాను. "ఈ వయసులో కత్తి పట్టుకుని కొండెక్కాలా నేను?"

కానీ లోపల ఇష్టంగానే ఉంది. మేమిద్దరం కలిసిందే ఆ మిషను ముందు. ఆయన జతగాడు రాని ఒకరోజు మా చిన్నాన్న "ఏమే, కాసేపు నువ్వు నిలబడు" అన్నాడు. నిలబడ్డాను. అలా నిలబడినదాన్ని నిలబడినట్టే ఉండిపోయాను. అప్పట్లో ఆయన్ని అందరూ కొండముచ్చు అనేవాళ్ళు. ఎర్రవాడితో అంతంత ఎత్తులు ఎగిరేవాడు. రాక్షసుణ్ణి చంపింది మా వీధిలో ఆయనొక్కడే.

"కొండముచ్చుగారి పని కనుక్కోండి ముందు," అన్నాను. "ఎగరగలరేమో."

ఆయన నవ్వాడు. నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చినట్టు నాకప్పుడే అనిపించింది. అనిపించి, మరిచిపోయాను.

సెలూన్లో పొద్దున గడ్డాలు, సాయంత్రం జుట్లు, మధ్యాహ్నం ఎవరూ ఉండరు. రోజూ అన్నం తిన్నాక పేపర్లు దించి మిషను ఆన్ చేసేవాళ్ళం. బయట వాన పడుతూ ఉండేది. ఆయన ఎడమవైపు, నేను కుడివైపు. ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని మనిషిని నడిపించాలి, కుడిచేత్తో బటన్లు కొట్టాలి. ఒక బటన్‌కి ఎగురుతాడు, ఇంకో బటన్‌కి కత్తి విసురుతాడు.

మొదటిరోజు ఇద్దరం గబ్బిలాల దగ్గరే చచ్చిపోయాం. కడుపుబ్బా నవ్వుకున్నాం. రెండోరోజు నాకు చెయ్యి తిరిగింది. నాలుగురోజులయ్యేసరికి వేళ్ళు వాటంతటవే కొట్టేస్తున్నాయి. సైకిల్ తొక్కడం లాంటిది కాబోలు, ఒంటికి వస్తే పోదు. ఆయన మాత్రం గబ్బిలాల దగ్గరే ఆగిపోతున్నాడు.

"హ్యాండిల్ వదులైంది," అన్నాడు.

వెనక తలుపు తీసి, స్క్రూలు బిగించాడు. మర్నాడు మళ్ళీ అంతే. టీవీ మెకానిక్‌ని పిలిపించాడు. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "హ్యాండిల్ నిక్షేపంలా ఉందన్నా," అన్నాడు. అయినా కొత్తది వేయించాడు. ఆ తర్వాత, "హ్యాండిల్ కాదు, కత్తి బటన్ పట్టేస్తోంది," అన్నాడు. అదీ మార్పించాడు.

"నువ్వు ఇటు వచ్చి చూడు," అన్నాడొకరోజు విసుగ్గా. చోట్లు మార్చుకున్నాం. నేను ఎర్రవాడితో ఆడాను. బటన్ వెన్నలో వేలు దిగినట్టు దిగుతోంది. ముట్టుకుంటే చాలు, కత్తి లేస్తోంది. పక్కన ఆయన నీలంవాడితో నిలబడి ఉన్నాడు. గబ్బిలం వచ్చింది. ఆయన కళ్ళు దాన్ని చూశాయి. నోరు "ఆ" అని తెరుచుకుంది. వేలు మాత్రం అప్పటికి కదల్లేదు. గబ్బిలం కొట్టి వెళ్ళిపోయాక కదిలింది.

నేను తెర చూడడం మానేసి ఆ చేతినే చూశాను.

ఆట అయిపోయాక ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి, చిటికెడు నస్యం నలుపుతున్నట్టు. ఆయనకి ఆ సంగతి తెలియనట్టే ఉంది. తర్వాత తెలిసింది. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఈ మధ్య ఇంట్లో టీవీ ముందు కూచున్నా, బల్లమీద కూచున్నా ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఎందుకుంటోందో నాకు అప్పుడు అర్థమైంది. పాలు పొంగి మాడిపోతున్నా పక్కనే కూచుని వాసన పట్టకపోవడం, పిలిస్తే మెడతో పాటు మనిషంతా తిరగడం, అన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి.

"చూశావా, బటన్ పట్టేస్తోంది కదూ?" అన్నాడు.

"అవునండీ," అన్నాను. "కాస్త పట్టేస్తోంది."

అప్పటినుంచి నా ఆట మారింది. నా మనిషిని నేను చూసుకోవడం మానేసి ఆయన మనిషిని చూసుకోవడం మొదలుపెట్టాను. గబ్బిలం ఆయన మీదికి దిగేలోపే ఎగిరి నరికేదాన్ని. బండ దొర్లుతుంటే ముందు పరిగెత్తి పగలగొట్టేదాన్ని. అది తెలియకుండా చెయ్యాలి. ఏదో నాకు కంగారెక్కువై అడ్డం పడుతున్నట్టు ఉండాలి. "అబ్బ, నా చోటు నాకు వదిలిపెట్టవే," అనేవాడు మొదట్లో. "నాకు భయమండీ, మీ పక్కనే ఉంటాను," అనేదాన్ని. రానురానూ విలుకాళ్ళని దాటాం. ఒకరోజు వంతెన కూడా దాటాం. ఆయన కుర్చీలో కూలబడి, అద్దంలో నావైపు చూస్తూ, "పాత మిషను కదా, వేడెక్కితేగానీ దారికి రాదు," అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక క్యారేజీ గిన్నెలు సర్దుకున్నాను.

మా అమ్మాయి ఫోనులో అదంతా వీడియో తీసింది. "ఫస్ట్ ప్రైజ్ మనదే," అంది. దానికి చెప్పలేదు నేను. ఏమని చెప్పను? ఆయనే నాతో చెప్పలేదు.

షాపులో గడ్డం కత్తి పట్టుకున్నప్పుడు మాత్రం ఆయన చెయ్యి బాగానే ఉండేది, లేదా బాగున్నట్టు ఉండేది. గాల్లో ఉన్నంతసేపు సన్నగా వణుకుతుంది. చిటికెనవేలు ముందుగా కుర్చీలో మనిషి చెంపకి ఆనించి, ఒక్క క్షణం ఆగితే కుదురుకుంటుంది. ఆ ఉపాయం ఎప్పుడు కనిపెట్టాడో తెలియదు. మనిషి మనిషికీ ముందు చిటికెనవేలు ఆనించడం చూస్తూ తువ్వాళ్ళు మడతపెట్టుకునేదాన్ని.

రిటైరైన మాస్టారొకాయన మాకు పాత ఖాతా. వారం వారం గడ్డానికి వస్తాడు. కుర్చీలో పడుకున్నట్టు వాలి, కళ్ళు మూసుకుని లోకం మీది ఫిర్యాదులన్నీ ఏకరువు పెడతాడు. ఆరోజు నేను తువ్వాళ్ళు ఉతకడానికి తీసుకెళదామని వచ్చాను. మాస్టారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉలిక్కిపడి ఆగిపోయాడు. చెవి కింద సబ్బు నురగలో ఎర్రటి దారంలాంటిది కనపడింది. అది కిందికి జారి మెడచుట్టూ కట్టిన తెల్లగుడ్డ మీద పడింది.

"ఫర్లేదు, ఫర్లేదు. పటిక పెట్టు," అన్నాడు మాస్టారు.

మా ఆయన పటిక రాశాడు. మిగిలిన గడ్డం గీశాడు. అంతసేపూ మాస్టారు కళ్ళు మూసుకోలేదు, మాట్లాడనూ లేదు. వెళ్తూ వెళ్తూ, "కళ్ళజోడు మార్చుకోవోయ్, వయసు మీద పడుతోంది," అని భుజం తట్టాడు.

పై వారం మాస్టారు వచ్చే వేళకి నేను అక్కడే ఉన్నాను. మాస్టారు వస్తూ కనిపించాడు. షాపు దగ్గరికి వచ్చేసరికి గొడుగు మావైపుకి వంచాడు. మొహం కనపడలేదు. నడుస్తూ అలాగే వెళ్ళిపోయాడు. మలుపులో ఇంకో సెలూన్ ఉంది.

"వాన జల్లుకి అడ్డం పెట్టుకున్నాడు లెండి," అన్నాను.

మా ఆయన రోడ్డువైపే చూస్తున్నాడు. "జల్లు అటునుంచి కొడుతోంది," అన్నాడు.

పోటీ ఆదివారం పెట్టారు. మాల్ కింది అంతస్తులో ఎత్తుగా స్టేజీ కట్టి, గోడంత తెర పెట్టారు. పాత మిషనుకి రంగులు వేసి, అద్దంలా తుడిచి నిలబెట్టారు. చుట్టూ కుర్రకారు ఫోనుల్లో కొత్త ఆట ఆడుకుంటున్నారు. ఆ కొత్త ఆటలో ఎర్రవాడూ నీలంవాడూ సినిమా హీరోల్లా కండలు పెంచుకుని ఉన్నారు. మావాళ్ళకి మొహం కూడా సరిగ్గా ఉండేది కాదు, నాలుగు చుక్కలంతే.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకున్నాడు. మిషను ముందుకొచ్చి నిలబడగానే అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, "ఇది మనదానికంటే మంచి మిషనే," అన్నాడు. ఆ కాసేపూ ఆయన మొహంలో ఏదో వెలుగు ఉంది. నేను దేనికీ ప్రార్థన చేసే మనిషిని కాను. ఆరోజు మాత్రం లోపల, ఈ ఒక్కసారికి దాటించు అనుకున్నాను, ఎవరితో అనుకున్నానో తెలియదు.

గబ్బిలాలు దాటాం. నేను గాల్లోనే ఉన్నాను, నేలమీద కాలు పెట్టలేదు. బండలు దాటాం. జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మాకు ముందు ఆడిన జంటలేవీ అంతదూరం రాలేదు. అమ్మాయి షోరూము యూనిఫాంలోనే ముందు వరసలోకి వచ్చి నిలబడి ఈల వేసింది. విలుకాళ్ళ దగ్గరికి చేరాం. ఎడమనుంచి ముగ్గురు, పైనుంచి ఇద్దరు. నేను ఆయన ముందుకొచ్చి బాణాలు నరికి, వెనక్కి దూకి వెనకవాణ్ణి పొడిచి, మళ్ళీ ముందుకొచ్చాను. తెరమీద అదంతా గోడంత పెద్దగా కనపడుతోంది.

మైకు పట్టుకున్న కుర్రాడు హుషారుగా అన్నాడు, "ఆంటీని చూడండి ఫ్రెండ్స్. అంకుల్ మీద ఈగ వాలనివ్వట్లేదు."

జనం గొల్లుమన్నారు. ఎగతాళి కాదు, ముచ్చటపడే నవ్వే అది. కానీ ఆయన నవ్వలేదు.

ఎర్రవాణ్ణి వెనక్కి నడిపించాడు. నేనూ వెనక్కి వెళ్ళాను. పక్కనున్న మెట్టు ఎక్కించాడు. పైనుంచి బాణం వస్తోంది, నా వేళ్ళు నన్నడక్కుండానే ఎగిరి నరికాయి. మెట్టు దిగాడు. దిగాను. ఎర్రవాణ్ణి అక్కడే నిలబెట్టేసి, తెరమీంచి చూపు దించి నా చేతులకేసి చూశాడు. నా కుడిచేతి వేళ్ళకేసి. అవి ఆగలేదు, కొడుతూనే ఉన్నాయి.

రెండు చేతులూ మిషను మీంచి తీసేశాడు.

ఎర్రవాడు కత్తి దించుకుని నిలబడి ఉన్నాడు. నేను వాడి చుట్టూ తిరుగుతూ కొడుతున్నాను. విలుకాళ్ళు ఒకళ్ళు పోతే ఒకళ్ళు వస్తున్నారు. ఆ చోట వాళ్ళకి అంతుండదు, ముందుకి నడిస్తేనే ఆగుతారు.

"చాలు," అన్నాడు. నాకొక్కదానికే వినపడేంత నెమ్మదిగా. "ఇంక చాల్లే."

నేనూ చేతులు తీసేశాను.

బాణాలు ముందు నావాణ్ణి కొట్టాయి, తర్వాత ఆయనవాణ్ణి. మైకు కుర్రాడు "అయ్యయ్యో, కరెంటేమైనా పోయిందా అంకుల్?" అని ఏదో అన్నాడు. ఎవరో మాకు చెరో టోపీ పెట్టారు. కంపెనీ పేరున్న టోపీలు. ఫోటో తీశారు. అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా? దాటేసేవాళ్ళేగా, వంతెన దాటితే ఇంక రాక్షసుడేగా?" అని నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"మీ నాన్నకి కళ్ళు తిరిగాయి," అన్నాను.

బస్సులో సీటు దొరికింది. అమ్మాయికి ఇంకా డ్యూటీ ఉంది, రాలేదు. కిటికీ అద్దం మీద వాన గీతలు గీతలుగా జారుతోంది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి కుడిచెయ్యి జేబులోంచి తీసి ఆ టోపీ మీద పెట్టాడు. దాచుకోలేదు. వేళ్ళు నస్యం నలుపుతూనే ఉన్నాయి. ఇద్దరం దాన్నే చూస్తూ కూచున్నాం, మూడో మనిషెవరో మా మధ్య కూచున్నట్టు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"బటన్ మార్పించినప్పట్నుంచి."

"మరి అనలేదేం?"

"మీరు అంటారని."

ఒక స్టాపు వెళ్ళిపోయింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు.

"ఎండాకాలంలో కత్తెర జారింది, రెండుమూడుసార్లు," అన్నాడు. "అలసట అనుకున్నా. ఆటలో పడితే చెయ్యి మళ్ళీ దారికొస్తుందేమో అనుకున్నా. అమ్మాయి పోటీ అంటే అందుకే ఒప్పుకున్నా."

నేను ఆ చెయ్యి తీసుకుని పట్టుకున్నాను. నా చేతిలో అది ఆగింది. సంతోషపడబోయేలోపే మళ్ళీ మొదలైంది.

డాక్టరు చిన్నవాడే, మంచివాడే. బొటనవేలూ చూపుడువేలూ టకటకా తాటించమన్నాడు. ఆయన మొదలుపెట్టాడు. మొదట పెద్దగా, తర్వాత చిన్నగా, ఇంకా చిన్నగా, కీ అయిపోతున్న బొమ్మలా. ఎడమచేత్తో చెయ్యమన్నాడు. ఎడమచెయ్యి చురుగ్గా కొట్టింది. గదిలో నడవమన్నాడు. కుడిచెయ్యి ఊగకుండా ఒంటికి అంటుకునే ఉంది. నేను ఇంట్లో అన్నిసార్లు చూసి కూడా అది గమనించలేదు.

"ఏం పని చేస్తారు?" అన్నాడు డాక్టరు.

"సెలూన్."

డాక్టరు తన పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు. జబ్బు పేరు చెప్పాడు. మెదడులో ఏదో తయారవడం తగ్గిపోతుందట. బిళ్ళలు వేసుకుంటే కొన్నాళ్ళు కదలిక బాగుంటుందట.

"తగ్గుతుందా?" అంది అమ్మాయి.

"అదుపులో పెట్టుకోవచ్చు. వ్యాయామం, వేళకి మందులు..."

"తగ్గుతుందా అని అడుగుతున్నానండీ."

"తగ్గదమ్మా," అన్నాడు.

"రెండో చెయ్యి?" అన్నాడు మా ఆయన. గదిలో ఆయన అడిగింది అదొక్కటే.

"కొన్నాళ్ళకి దానికీ రావచ్చు. ఎన్నాళ్ళకనేది చెప్పలేం."

బయటికి వచ్చాక అమ్మాయి మందుల షాపు దగ్గర నాకు దూరంగా నిలబడి, కళ్ళు తుడుచుకుని, మామూలుగా మొహం పెట్టుకుని వచ్చింది. ఆయన దాన్ని చూసి, "మాల్‌లో ఇచ్చిన టోపీ నువ్వు పెట్టుకోవే, నాకు పెద్దదైంది," అన్నాడు.

బిళ్ళలు వేసుకున్నాక కాసేపు చెయ్యి మాట వినేది. ఆ కాసేపట్లోనే గడ్డాలు గియ్యాలని చూసేవాడు. కానీ గడ్డాలు బిళ్ళల వేళకి రావు కదా. కొందరికి మేమే చెప్పాం, కొందరికి మాస్టారు చెప్పాడు, మిగతావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సెలూన్లో ఎదురుగా అద్దం ఉంటుంది. కుర్చీలో కూచున్న మనిషికి వెనకవాడి చెయ్యి కనపడకుండా దాచడానికి చోటుండదు. ఒకరోజు ఎవరో కొత్త మనిషి వచ్చి కూచున్నాడు. మొహం నిండా నురగ రాయించుకున్నాడు. అద్దంలో కత్తి గాల్లో వణకడం చూశాడు. చిటికెనవేలు చెంపకి ఆనేలోపే లేచి నిలబడ్డాడు. మెడకి కట్టిన గుడ్డతోనే నురగ తుడుచుకుని, "పని గుర్తొచ్చిందండీ, మళ్ళీ వస్తా," అన్నాడు. పాపం, మర్యాదస్తుడే. గుడ్డ మడతపెట్టి మరీ వెళ్ళాడు.

మా ఆయన కత్తి కడిగి, తుడిచి, మూసి, సొరుగులో పెట్టాడు. మర్నాటినుంచి ట్రిమ్మర్‌తో జుట్లు మాత్రమే చేశాడు. తర్వాత అవీ తగ్గిపోయాయి.

వానలు వెనకపట్టేసరికి షాపు ఇంకో కుర్రాడికి ఇచ్చేశాం. బుద్ధిమంతుడు. బాబాయ్ అని పిలుస్తాడు. రెండో కుర్చీ వెయ్యాలి, మూలనున్న మిషను తీయించమని మొహమాటపడుతూ అడిగాడు. మాల్‌లో మమ్మల్ని చూసిన ఒకాయనకి కాఫీ హోటలుంది. పాత మిషను ఉంటే తీసుకుంటానని అప్పుడే అమ్మాయితో చెప్పి ఉన్నాడట. మనుషుల్ని పంపాడు.

వాళ్ళు మిషను పడుకోబెట్టి గుమ్మం దాటిస్తుంటే మా ఆయన బల్లమీద కూచుని చూశాడు.

"జాగ్రత్త, వెనక తలుపుకి గడియ సరిగ్గా పడదు," అన్నాడు. తర్వాత, "హోటల్లో పిల్లలు ఆడతారా?" అని అడిగాడు.

"ఆడటానికి కాదండీ, అందానికి," అన్నాడు వాళ్ళలో ఒకడు. "లోపలిదంతా పీకేసి చేపల తొట్టి పెడతారంట."

ఆయన ఆలోచించాడు. "చేపలు బాగానే ఉంటాయిలే," అన్నాడు. "గాజు గట్టిది."

తర్వాత ఆయన షాపువైపు వెళ్ళలేదు. ఆ కుర్రాడు కబురు పెట్టాడు, బాబాయిని వచ్చి ఊరికే కూచోమనండి, కాలక్షేపంగా ఉంటుంది అని. వెళ్ళలేదు. కిటికీ పక్కన కుర్చీలో కూచుంటాడు. అమ్మాయి పనినుంచి వచ్చి పక్కన కూచుని ఆరోజు షోరూములో జరిగిన జోకులన్నీ చెబుతుంది. ఆయన వింటాడు. ఇష్టంగానే వింటాడని నాకు తెలుసు. కానీ ఆ ఇష్టం మొహం మీదికి రాదు. అది తెలియక అమ్మాయి చెప్పిందే ఇంకోలా చెబుతుంది, నవ్వించలేకపోయాననుకుని. ఒకరోజు మధ్యలోనే ఆపేసి వంటగదిలోకి వచ్చి, "నాన్న ఎక్కడున్నాడమ్మా?" అంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

గడ్డం పెరిగింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన చెంపల మీద గరుకన్నది నేనెరగను. తెల్లగా, అక్కడక్కడా నల్లగా, ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు. షాపుకెళ్ళి గీయించుకుందాం రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. తన కుర్చీలో ఇంకొకడి చేతికింద కూచోవడం అనేది ఆయనకి ఎలా ఉంటుందో నేనర్థం చేసుకోగలను. అందుకని ఒకరోజు పొద్దున, వాన లేకుండా ఎండ కిటికీలోంచి పడుతుంటే, నేనే గిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టి, షాపునుంచి తెచ్చుకున్న ఆయన కత్తి బయటికి తీశాను.

"నీకు రాదు," అన్నాడు.

"చెప్పండి, వస్తుంది."

సబ్బు రాశాను. బ్రష్ గుండ్రంగా తిప్పమన్నాడు. చెంపని రెండువేళ్ళతో పైకి లాగి పట్టుకోమన్నాడు. పైనుంచి కిందికి, వెంట్రుక వాలినవైపే గియ్యమన్నాడు. "నొక్కకు. కత్తి బరువు కత్తికి సరిపోతుంది." నేను ఊపిరి బిగబట్టి ఒక్కో గీతా గీశాను. కుడిచెంప అయింది. ఎడమచెంప అయింది. గడ్డం కిందికి వచ్చేసరికి తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. గొంతు కింద నరం కొట్టుకుంటోంది. ఒళ్ళో చెయ్యి దాని పని అది చేసుకుంటోంది. ఎండ గోడ మీంచి నేలమీదికి జారేంతసేపు పట్టింది నాకు.

తడిగుడ్డతో మొహం తుడిచాను. మళ్ళీ నా మనిషి మొహం బయటపడింది, కాస్త చిక్కిపోయి. అద్దం ఇవ్వనా అంటే వద్దన్నాడు. ఎడమ అరచేత్తో రెండు చెంపలూ, గడ్డం కిందా నెమ్మదిగా తడిమి చూసుకున్నాడు.

"ఇంకా ఏమైనా మిగిలిందా?" అన్నాడు.

నేను వంగి వెలుగులో అటూ ఇటూ చూశాను.

"లేదండీ," అన్నాను. "ఏమీ మిగల్లేదు."

ఆయన తలూపి కళ్ళు మూసుకున్నాడు. నేను గిన్నెలో నీళ్ళు పారబొయ్యడానికి బయటికి వెళ్ళాను.